టీ అంగడి దగ్గర నిలబడి అర కిలోమీటరు తొక్కానంట. ఏ లెక్క రాయాలి?

పెన్నా_ఒడ్డు (కోవూరు) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, కథే కొంచెం పొడుగు. ఓపిక లేనివాళ్ళు ఆఖరి పేరాకి పొండి.

నేను ప్రోగ్రామర్ని. పదకొండేళ్ళు చెన్నైలో పనిచేసి, కరోనా అప్పుడు ఇంటికొచ్చినవాణ్ణి మళ్ళీ పోలేదు. కంపెనీ బెంగళూరులో ఉంది, నేను కోవూరు అవతల మా ఊళ్ళో ఉన్నా. ఇంట్లో కరెంటూ నెట్టూ ఉండి, మా అమ్మ పిలవకుండా ఉండి, ఈ మూడూ ఒకేపూట కుదిరే రోజు వారానికి ఒకటి వస్తే గొప్ప. అందుకని నెల్లూరు మాగుంట లేఅవుట్లో నా బోటివాళ్ళం నలుగురం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. రోజూ అక్కడికి పొయ్యి రావడం.

ఏడు నెలల కిందట బండి సర్వీసుకిచ్చి, వారం పాటు సైకిలు మీద పోయాను. బండి తిరిగొచ్చింది గానీ నేను తిరిగి దాన్ని ఎక్కలేదు. డాక్టరు చెప్పాడనీ కాదు, భూగోళాన్ని కాపాడదామనీ కాదు. పొద్దున ఏడున్నరకు పొలాల మధ్య రోడ్డు మీద ఎవరూ హారన్ కొట్టకుండా ఒక అరగంట దొరుకుతుంది, అంతే. నలభై ఏళ్ళవాడు సైకిలు తొక్కుతుంటే మనూళ్ళో అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, బండి అమ్మేశావా. రెండు, షుగరా. మొదట్లో విడమరిచి చెప్పేవాణ్ణి. ఇప్పుడు రెండిటికీ ఔననే అంటున్నా, త్వరగా వదిలేస్తారు.

దారి ఇదీ. ఇంటి దగ్గర్నుంచి కోవూరు, అక్కణ్ణుంచి బ్యారేజీ మీదుగా పెన్నా దాటడం (2022 సెప్టెంబరులో బ్యారేజీ మీద రోడ్డు తెరిచాక హైవే వంతెన మీద లారీల పక్కన తొక్కే బాధ తప్పింది), తర్వాత ఊళ్ళో సందులు, రైలు కట్ట కింద అండర్‌బ్రిడ్జి, మాగుంట లేఅవుట్. మన నెల్లూరులో కొండలు లేవు. నా దారిలో ఎక్కే ఎత్తంటే అండర్‌బ్రిడ్జిలోకి దిగినంత మళ్ళీ పైకి రావడమే. వాన పడితే అదీ ఉండదు, చెరువైపోతుంది.

ఇప్పుడు సంగతికొస్తా. ఒకే దారి, మూడు దూరాలు. సైకిలుకున్న మీటరు 10.4 కిలోమీటర్లు చూపిస్తుంది. మ్యాపులో గీత గీస్తే 11.0. ఫోన్లో యాప్ 11.7. ఒక్కరోజు కాదు, రోజూ ఇంతే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు యాప్ 11.2 చూపిస్తుంది, మిగతా రెండూ మారవు. తేడా ఏందంటే పొద్దున అండర్‌బ్రిడ్జికి ఇవతల టీ అంగడి దగ్గర ఆగుతాను. పది పన్నెండు నిమిషాలు. ట్రాక్ ఫైలు తెరిచి మ్యాపు మీద వేసి చూస్తే, ఆ అంగడి దగ్గర కోడి గెలికిన చెత్తకుప్ప మాదిరి గీతలు. నేను బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే ఫోను లెక్కలో మాత్రం వీధంతా పరుగులు పెడుతున్నా.

మా నాయన్ని అడిగాను. ఆయన ఇదే ఊరి నుంచి ఇరవై రెండేళ్ళు 28 అంగుళాల హెర్క్యులస్ మీద నెల్లూరు రైసుమిల్లుకు పోయినాయన. తల కూడా ఎత్తకుండా "ఏడు మైళ్ళు" అన్నాడు. అది 11.3 కిలోమీటర్లు. అంటే నాలుగో లెక్క.

ఇది ఊరికే ముచ్చటైతే మీ దాకా తెచ్చేవాణ్ణి కాదు. మా కంపెనీలో ఈ నెల సైకిలు పందెం పెట్టారు. నెలాఖరుకు ఎవరి కిలోమీటర్లు వాళ్ళే ఫారంలో నింపాలి, మొదటి ముగ్గురికి చేతి గడియారం. నెలలో నేను పోయే ఇరవై రోజులకు సైకిలు మీటరు లెక్కన 416, మ్యాపు లెక్కన 440, యాప్ లెక్కన 458. మూడో స్థానంలో ఉన్న హైదరాబాదు అబ్బాయికి 447. చూశారు కదా ఇరకాటం. యాప్ నంబరు రాస్తే గడియారం నాది. మీటరు కంటే 42 కిలోమీటర్లు ఎక్కువ. నేను తొక్కని ఒక మారథాన్.

అడిగేది ఇదే: మూడింట్లో ఏది నిజం, ఎందుకు? ఏది రాయాలి? మీటరు సంగతి ఒకటి చెప్పాలి, అది కొత్తది కాదు, పాత సైకిలు (26 అంగుళాలు, 1.95 టైరు) నుంచి పీకి ఈ సైకిలుకు (700 ఇంటూ 35) బిగించాను.

---

మూలాపేట_మోటారు:

పదకొండు కిలోమీటర్లకు ఇంత పురాణమా సామీ! స్కూటరు కొనుక్కో. ఇరవై నిమిషాల్లో చొక్కా నలక్కుండా పోతావు. టీ అంగడి దగ్గర గంట నిలబడినా మా స్కూటరు మీటరు ఒక్క గజం కూడా కదలదు. మా మీటరు టీ తాగదు.

---

కావలి_కోడర్:

పైన మోటారన్న ఎగతాళికి అన్నా, జవాబులో సగం ఆయనే చెప్పేశాడు. చక్రాన్ని చూసి కొలిచే మీటరు టీ తాగదు. ఆకాశాన్ని చూసి కొలిచే మీటరు తాగుతుంది.

అన్నా, ముందు నీ సైకిలు మీటరు. చక్రం పుల్లకు ఒక అయస్కాంతం, చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు ఒక రీడ్ స్విచ్చి, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్చి. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా స్విచ్చి ఒకసారి కలుస్తుంది. గంటకు 20 వేగంలో పోతే సెకనుకు రెండున్నర సార్లు. దానికి దూరమంటే ఏందో తెలీదు, చుట్లు లెక్కపెట్టడమే తెలుసు. చుట్టుకు ఎంత అనేది నువ్వు ఎప్పుడో బటన్లు నొక్కి చెప్పిన అంకె. నువ్వు చెప్పింది పాత సైకిలు అంకె. 26 ఇంటూ 1.95 టైరుకు పట్టికల్లో 2050 మిల్లీమీటర్లుంటుంది. 700 ఇంటూ 35కు 2168. నీ 10.4ని 2050తో భాగించి 2168తో గుణించు. 10.999 వస్తుంది. మ్యాపు చెప్పింది 11.0. దొంగ దొరికాడు.

ఫోను సంగతి వేరే. అది దూరం కొలవదు. సెకనుకొకసారి "ఇక్కడున్నాను" అని ఒక చుక్క పెడుతుంది, యాప్ చుక్కకూ చుక్కకూ మధ్య దూరం కూడుకుంటూ పోతుంది. ఆ చుక్క పెట్టడానికి ఉపగ్రహాల నుంచి సిగ్నల్ ఎంత సేపట్లో వచ్చిందో చూస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలుండేది 20,200 కిలోమీటర్ల ఎత్తున. కాలం లెక్కలో ఒక్క నానోసెకను తప్పితే దూరంలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. నీ టీ అంగడికి రేకుల కప్పు ఉండుంటుంది, పక్కన మేడ ఉండుంటుంది. సిగ్నల్ తిన్నగా రాకుండా గోడకు కొట్టుకుని వస్తుంది, దారి పొడుగవుతుంది, చుక్క పక్కకు జరుగుతుంది. మరుసటి సెకను ఇంకోవైపుకు జరుగుతుంది.

ఇక్కడే అందరూ పొరబడతారు. తప్పు ఒకసారి తూర్పుకూ ఒకసారి పడమరకూ పోతే సరికి సరి అయిపోతుంది కదా అనుకుంటారు. స్థానం విషయంలో అవుతుంది, దూరం విషయంలో కాదు. దూరానికి కూడికే గానీ తీసివేత లేదు. తూర్పుకు పోయిన తప్పూ కలుస్తుంది, వెనక్కొచ్చిన తప్పూ కలుస్తుంది. పన్నెండు నిమిషాలంటే 720 చుక్కలు. చుక్కకు సగటున 70 సెంటీమీటర్లు జరిగిందనుకో, 504 మీటర్లు. నువ్వు తాగిన టీ ఖరీదు అర కిలోమీటరు. మిగతా 200 మీటర్లు అండర్‌బ్రిడ్జిలో పడి ఉంటాయి. కింద సిగ్నల్ పోతుంది, పైకి రాగానే మొదటి చుక్క ఎక్కడో వంద మీటర్ల అవతల పడుతుంది, మళ్ళీ రోడ్డు మీదికొస్తుంది. పోను వందా రాను వందా. సాయంత్రం 11.2 రావడానికి అదే కారణం, అప్పుడు టీ లేదు గానీ అండర్‌బ్రిడ్జి ఉంది.

ఫైలు తెరిచావన్నావు కాబట్టి ఇది చేసి చూడు. ఆ ట్రాక్ ఫైలు, జీపీఎక్స్ అంటారే, అది ఉత్త ఎక్స్‌ఎంఎల్ కదా, తెరిచి చదవగలిగే అక్షరాలే. చుక్కలన్నీ చదివి, చివరగా ఒప్పుకున్న చుక్క నుంచి పది మీటర్లు దాటితేనే కొత్త చుక్కను ఒప్పుకో, లేకపోతే పారెయ్. పైథాన్‌లో పదిహేను లైన్లు. మూడు కిలోమీటర్ల కంటే తక్కువ వేగం తీసెయ్యమని చెప్పేవాళ్ళున్నారు, దాన్ని నమ్మొద్దు. ఊగే చుక్క కూడా అప్పుడప్పుడూ అంత వేగంగానే ఊగుతుంది.

అన్ని ఫోన్లూ ఎక్కువే చూపిస్తాయని కూడా అనుకోకు. నా పాత ఫోను బ్యాటరీ మిగల్చడానికి పది సెకన్లకొక చుక్క పెట్టేది. తుమ్మలపెంట బీచికి పోయే దారిలో మలుపులన్నీ అడ్డంగా కోసేసి, ఉన్నదానికంటే తక్కువ చూపించేది. నేనూ మా బావమరిదీ పక్కపక్కనే తొక్కుకుంటా పొయ్యి, ఇంటికొచ్చి ఎవరు ఎక్కువ తొక్కారని పోట్లాడుకున్నాం.

---

గొలుసు_లింకు (ఆత్మకూరు):

అబ్బాయ్, నేను సర్వే శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. మీ నానోసెకన్లు నాకు తెలియవు గానీ మీ జబ్బు మాకు పాతదే.

మేము చేరినప్పుడు గొలుసు పట్టుకుని కొలిచేవాళ్ళం. గంటరు గొలుసు, 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. సెంటు అనే మాటకు లెక్క అక్కణ్ణుంచే వస్తుంది. ఇనప గొలుసు కదా, కంపల్లో గట్ల మీద ఈడ్చి ఈడ్చి లింకుకూ లింకుకూ మధ్య కొక్కేలు అరుగుతాయి. నూరు చోట్ల వెంట్రుకవాసి అరిగితే మొత్తం మీద గొలుసు సాగుద్ది. కొందరు కుర్రాళ్ళు గొలుసు సాగితే పొలం పెరుగుద్దనుకునేవాళ్ళు. తగ్గుద్ది. గొలుసు పొడుగు కాబట్టి తక్కువ సార్లు పడుద్ది, పుస్తకంలో తక్కువ రాస్తాం. నీ సైకిలు చేసింది కూడా అదే. చక్రం పెద్దది, నువ్వు చిన్నదన్నావు, దూరం తగ్గింది. గొలుసు ఒక్క లింకు సాగితే పొడవులో నూటికి ఒకటి పోతుంది. పొలానికి పొడవూ వెడల్పూ రెండూ ఉంటాయి కాబట్టి ఎకరాకు రెండు సెంట్లు పోతాయి. అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడానికి రెండు సెంట్లు చాలు.

అందుకని పొలానికి పోయే ముందు గొలుసునే కొలిచేవాళ్ళం. ఆఫీసు ఆవరణలో సరిగ్గా గొలుసు దూరంలో రెండు రాళ్ళు పాతి ఉండేవి. నువ్వు పట్టికలో 2168 అని ఉందని అది కొట్టెయ్యకు. పట్టిక రాసినవాడు నీ టైరు చూళ్ళేదు, నీ బరువూ చూళ్ళేదు. గచ్చు మీద సుద్దముక్కతో గీత గియ్యి. వాల్వు సరిగ్గా కిందికొచ్చేట్టు గీత మీద పెట్టు. గాలి ఎప్పుడూ కొట్టించేంతే ఉండాల. నువ్వు సైకిలు మీద కూర్చోవాల, ఎందుకంటే మనిషి ఎక్కితే టైరు నొక్కుకుంటుంది, చుట్టుకొలత తగ్గుద్ది. ఒకరు పట్టుకుంటే నిదానంగా ఐదు చుట్లు తిన్నగా పోనిచ్చి, వాల్వు మళ్ళీ కిందికొచ్చిన చోట ఇంకో గీత. టేపు పెట్టి కొలిచి ఐదుతో భాగించు. ఒక్క చుట్టు కొలిస్తే చెయ్యి వణికిన తప్పంతా ఆ ఒక్కదాని మీద పడుద్ది.

మీ ఉపగ్రహాల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2013 జూలై 1న రాత్రి 11:41కి శ్రీహరికోట నుంచి మన దేశపు నావిగేషన్ ఉపగ్రహాల వరసలో మొదటిది పోయింది. ఆ రాత్రి మేము గూడూరులో బంధువులింట్లో ఉన్నాం. మేడ ఎక్కి చూశాం, ఆకాశం నారింజ రంగైంది, కాసేపటికి కిటికీ రెక్కలు అదిరాయి. మా మనవడు అడిగాడు, తాతా అది ఎందుకని. నువ్వు ఎక్కడున్నావో చెప్పడానికిరా అన్నా. నేనిక్కడే ఉన్నా కదా అన్నాడు.

---

కందుకూరు_టీచర్:

నేనూ సైకిలు మీదే బడికి పోతాను, నాలుగున్నర కిలోమీటర్లు. మా అమ్మాయికి బళ్ళో ఇచ్చిన సైకిలు, అది ఇంటర్‌కు హాస్టల్‌కి పోయాక నాకొచ్చింది. మీటరు లేదు, యాప్ లేదు. ప్రార్థనకు ముందు పోతే దగ్గర, తర్వాత పోతే దూరం. 2022లో మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు ఒక్కపూటలో కలెక్టరాఫీసు దూరమైపోయింది. మేము ఒక్క అడుగు కదల్లేదు. సర్వే తాతగారు దానికి లెక్క చెప్పాలి.

మీ లెక్కల మధ్యలో దూరను గానీ రెండు మాటలు అడుగుతా. మీరు బండి అమ్మేశావా, షుగరా అని రెండు ప్రశ్నలన్నారు. ఆడవాళ్ళకు మూడోది కూడా ఉంటుంది, మీ ఆయన దింపడా అని. దానికి నేను కనుక్కున్న జవాబు, ఆయనకు సైకిలు రాదండీ. నిజమే అది.

రెండోది, మీ ఏడు నెలల కథలో ఒక్క పంచరు కూడా లేదేంటి? మా వైపు రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కంప కొట్టి పడేస్తారు, నెలకొకటి ఖాయం. పంచరు వేయించుకునేటప్పుడు ట్యూబుకు ముక్క అంటించగానే లేచి రాకండి. టైరు లోపల చెయ్యి పెట్టి తడమమనండి. ముల్లు మొన టైరులోనే ఉండిపోయి, ఇంటికెళ్ళేలోపు పక్కనే ఇంకో బొక్క పెడుతుంది. నాకు రెండుసార్లైంది.

పందెం సంగతికి వస్తే, నాకైతే అడగాల్సిన అవసరమే కనిపించలేదు. మా పిల్లలు లెక్క తప్పు చేస్తే అరమార్కు ఇస్తాం. సరైన జవాబు తెలిసి తప్పుది రాస్తే ఏమిస్తామో మీకు తెలుసు.

---

ఒంగోలు_గాలి:

దూరం గోల తేలిందిగా, నేను యాప్‌లో ఇంకో అబద్ధం చూపిస్తా. కాలరీలు. దానికి మీ బరువు తెలుసు, వేగం తెలుసు. గాలి తెలీదు.

నేను సాయంత్రం ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచికి పోతుంటా. ఎండాకాలం మధ్యాహ్నం తర్వాత నేల కాగి, సముద్రం మీంచి గాలి లోపలికి కొడుతుంది. తూర్పుకు పోయే నాకు అది ఎదురు. నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి గాలి లేని చోట గంటకు 20 వేగంలో పోవాలంటే సుమారు వంద వాట్లు పెట్టాలి. ఎదురు గాలి గంటకు పది కిలోమీటర్లే వీచిందనుకోండి, అదే వేగానికి నూట డెబ్బై అవుతుంది. మనకు తగిలే గాలి వేగం ఒకటిన్నర రెట్లైతే, గాలి నెట్టే బలం రెండుంపావు రెట్లవుతుంది కాబట్టి. యాప్ మాత్రం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే కాలరీలు వేస్తుంది. వచ్చేటప్పుడు నేను పెడల్ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా వేస్తుంది.

ఎదురు గాలికి తట్టుకోలేక నేను మోటారు సైకిలు కొన్నా. అంటే మోటారున్న సైకిలు, 250 వాట్లలోపు, 25 దాటి పోదు. ఆ లెక్కలోపు ఉంటే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. బ్యాటరీ 36 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్లు, గుణిస్తే 270 వాట్ అవర్లు. కొత్తపట్నం పోయేటప్పుడు మోటారు, వచ్చేటప్పుడు సముద్రపు గాలి. ఒకరోజు గాలి తిరగబడింది, పడమటి గాలి లేచింది. బ్యాటరీ అల్లూరు దగ్గర అయిపోయింది. మోటారూ బ్యాటరీ బరువు మోసుకుంటూ ఇంటికి తొక్కాను. ఆ రోజు కూడా యాప్ అన్నే కాలరీలు వేసింది.

మీ దారి ఉత్తర దక్షిణాలుగా ఉన్నట్టుంది కాబట్టి మీకు పక్కగాలి. మోటారు పెట్టుకోవద్దు. పదకొండు కిలోమీటర్లకు దండగ.

---

పెన్నా_ఒడ్డు:

అందరికీ దండాలు. వారం రోజులైంది, చేసిందంతా చెప్తా.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు గచ్చు మీద కొలిచాం. 60 పీఎస్ఐ గాలి కొట్టించి, నేనెక్కి కూర్చుంటే మా నాయన వెనక క్యారియరు పట్టుకున్నాడు. చిన్నప్పుడు సైకిలు నేర్పించినప్పుడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, కాకపోతే ఈసారి వదిలిపెట్టొద్దని నేను చెప్పాల్సొచ్చింది. ఐదు చుట్లకు 10 మీటర్ల 75 సెంటీమీటర్లు. అంటే చుట్టుకు 2150. పెద్దాయన చెప్పినట్టే పట్టిక కంటే 18 మిల్లీమీటర్లు తక్కువ. మీటరులో 2150 కొట్టాను. సోమవారం 10.9 చూపించింది. మ్యాపుకూ దీనికీ ఉన్న వంద మీటర్ల తేడా కూడా దొరికింది. మ్యాపులో నేను గీసిన గీత వీధి చుట్టూ తిరిగి వస్తుంది. నేను మాత్రం గుడి పక్క సందులోంచి దూరిపోతాను, అక్కడ దారుందని మ్యాపుకు తెలీదు. ఆ సందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపులో (ఎవరైనా దిద్దగలిగే మ్యాపు అది) నేనే గీసి పెట్టాను.

కావలి తమ్ముడు చెప్పిన పది మీటర్ల నిబంధన కూడా రాసి చూశా. 11.7 కాస్తా 11.1కి దిగింది. టీ అంగడి దగ్గరి కోడి గెలుకుడు పొయ్యి మూడు గీతలు మిగిలాయి. అండర్‌బ్రిడ్జిలో ఎగిరే చుక్క ఇంకా ఎగురుతానే ఉంది, దాన్ని తర్వాత చూస్తా.

నాయనకు చెప్పా, నీ ఏడు మైళ్ళు తప్పు, ఆరు ముప్పావే అని. "మిల్లు మీ గది కంటే అవతల రా" అన్నాడు. అది నేను అడగనేలేదు.

టీచరు మేడం నోటి చలవ, బుధవారం పంచరైంది. బ్యారేజీ దాటాక వెనక చక్రం గుడగుడమంది. దిగి చూస్తే రిమ్ము నేలకు ఆనుతోంది. పంచరు అంగడి దాకా నడిపించుకుంటా పోయాను. అంగడాయన ట్యూబు లాగి, గాలి కొట్టి, ఇనప తొట్లో నీళ్ళల్లో కొంచెం కొంచెంగా తిప్పుకుంటా వచ్చాడు. ఒకచోట సన్నగా బుడగలు, సూది మొన అంత. బొటనవేలితో అదిమి పట్టుకుని, తుడిచి, పెన్సిలుతో చుట్టూ గీసి, గరుకు కాగితంతో రుద్ది సొల్యూషను పూశాడు. అది ఆరేదాకా ఊదతా కూర్చున్నాడు. ముక్క అతికించి టైరు ఎక్కించబోతుంటే మేడం మాట గుర్తొచ్చి, లోపల ఒకసారి తడమమన్నా. అదోలా చూశాడు గానీ వేళ్ళు పెట్టాడు. "అబ్బా" అని చెయ్యి తీశాడు. వేలికి రక్తం, టైరులో తుమ్మ ముల్లు. మేడం, మీకు ఒక ట్యూబు బాకీ ఉన్నా.

పందెం ఫారం నిన్న నింపాను. కొత్త లెక్కన రోజుకు 21.8, ఇరవై రోజులకు 436. నాలుగో స్థానం. హైదరాబాదు అబ్బాయికి ఫోన్ చేసి, నీ 447 ఏ యాప్‌దని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ అబ్బాయి ఎక్కడ టీ తాగుతాడో నాకెందుకని ఊరుకున్నా.

ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. పంచరైన రోజు కిలోమీటరున్నర సైకిలును నడిపించాను, తొక్కలేదు. చక్రం తిరిగింది కాబట్టి మీటరు దాన్ని కూడా కలుపుకుంది. సైకిలు పందెంలో అది రాయొచ్చా? 436లో అది ఉంది. మోటారన్న నవ్వొద్దు.

---

మూలాపేట_మోటారు:

నవ్వటం లేదయ్యా. నిన్న పెట్రోలు అయిపొయ్యి వేదాయపాళెం నుంచి స్కూటరు తోసుకుంటా వచ్చా. మా మీటరు కూడా కలుపుకుంది.

---

గొలుసు_లింకు (ఆత్మకూరు):

చక్రం నేల మీదే ఉందా? అయితే రాసెయ్. భుజాన మోసుంటే కొట్టెయ్.